మెట్లు లేని బ్యారక్స్

స్టోనీ పాయింట్ బ్యారక్స్,
1918 మార్చి 11

హెస్టర్ అక్కకి,

క్షేమంగా చేరాను. "నీ కాలు ఇంక ఫ్రాన్సుకి పనికిరాదు, ఏదైనా తేలిక పని చూస్తాం" అని ఆస్పత్రిలో డాక్టరు అన్నాడు కదా, ఆ తేలిక పని ఇదే. కాపలా. సముద్రం ఒడ్డున రేకుల షెడ్లు నాలుగు, మధ్యలో కంకర పరిచిన ఆవరణ, చుట్టూ ముళ్లకంచె. అంతా నేల ఎత్తులోనే. ఊరంత ఆవరణలో వెతికినా ఒక్క మెట్టు కనబడదు. నా కుంటికాలు చేసుకున్న పుణ్యం. రోజూ గొర్రెమాంసం పెడుతున్నారు, టీలోకి పాలు కూడా. మన ఆవుల పాలంత చిక్కగా ఉండవులే.

ఇక్కడ ఉండేది తాగి తన్నుకున్న సిపాయిలు, చెప్పకుండా పారిపోయినవాళ్లు. ఇప్పుడు కొత్తరకం సరుకు దిగింది. యుద్ధానికి రామని కోర్టులో చెప్పి జైలుకెళ్లినవాళ్లలో కొందరిని దారికి తెమ్మని మా దగ్గరికి పంపుతున్నారు. శనివారం ఆరుగురు దిగారు. అందులో ఎవడున్నాడో చెప్పుకో చూద్దాం.

ఎనాక్ ట్రెగియర్! మన కెజియా పిన్ని కొడుకు!

బండి దిగుతూనే నన్ను చూసి "క్లెమ్! బాగున్నావా? కాలెలా ఉంది?" అని సంతలో కలిసినట్టు పలకరించాడు. అందరూ నావైపు తిరిగారు. మా సార్జంట్ మాడాక్ "ఏంటోయ్, నీ చుట్టమా?" అన్నాడు. "మా ఊళ్లో జీనులు కుట్టేవాడు సార్, అంతే" అన్నాను. అబద్ధం కాదుగా.

పిన్నికి చెప్తావో లేదో నీ ఇష్టం.

నీ తమ్ముడు,
క్లెమ్

*

రాటా బెండ్,
మార్చి 17

క్లెమ్‌కి,

నీకు పని దొరికినందుకు సంతోషం. కాలికి చలిగాలి తగలనీకు.

పిన్నికి నేనేం చెప్పను. పోయిన వారం మన గేటు దగ్గరికొచ్చి "హెస్టర్, ఎనాక్‌ని జైలు నుంచి ఎక్కడికో మార్చారంట, క్లెమ్ ఏమైనా రాశాడా?" అంది. గేటు తియ్యలేదు. పాలడబ్బాలు కడుక్కుంటూ "మా ఇంటికి వచ్చే ఉత్తరాల్లో మీవాడి ఊసెందుకుంటుంది?" అన్నాను. వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. అమ్మ పోయినప్పుడు ఆర్నెల్లు మనింట్లో వండిపెట్టిన మనిషి అని నాకూ గుర్తుంది. గుర్తు చెయ్యకు.

మన వాల్టర్ వస్తువులు నిన్న వచ్చాయి. పార్సెల్లో ఒక గడియారం, ఒక పైపు, నేనల్లిన మేజోడు ఒకటి. రెండోది లేదు. వాళ్ల కెప్టెన్ రాసినదాని ప్రకారం పాషెండేల్ యుద్ధభూమిలో బురదలో నడుం దాకా దిగిపోయి, లాగడానికి వీల్లేక... మిగతాది నీకు రాయను. నా తమ్ముళ్లలో ఒకడు బురదలో ఉన్నాడు, ఒకడు కుంటుతున్నాడు. ఆ ఎనాక్ మాత్రం "చంపకూడదు అన్నాక చంపకూడదంతే" అని చేతులు కట్టుకుని, వేళకింత తింటూ కూర్చుంటాడా?

వాడితో నా మాటగా చెప్పు. మా వాల్టర్ ఊపిరాడక పోయిన రోజు నువ్వు జీను కుడుతూ కూర్చున్నావని చెప్పు. వాడికి పడాల్సింది పడనీ. నా వంతు కూడా నువ్వే వెయ్యి.

హెస్టర్

*

స్టోనీ పాయింట్,
మార్చి 29

అక్కకి,

నీ వంతు ముట్టింది! నిజంగానే!

ఇక్కడి పద్ధతి చెప్తా విను. వచ్చినవాడికి ముందు యూనిఫాం ఇస్తారు. వేసుకోనంటాడు. నలుగురం కలిసి వేస్తాం. విప్పేస్తాడు. మళ్లీ వేస్తాం. మాడాక్ దీన్ని "పెళ్లికూతుర్ని ముస్తాబు చెయ్యడం" అంటాడు. పడీపడీ నవ్వుతాం. ఆరుగురిలో ముగ్గురు నాలుగో రోజుకే బొత్తాలు పెట్టుకున్నారు. ఇద్దరికి వారం పట్టింది. మన జీనుల మేస్త్రీ ఒక్కడే మిగిలాడు. మొండిఘటం. తిట్టడు, తన్నడు, గుడ్డలు విప్పి నీటుగా మడతపెట్టి కింద పెడతాడు. అదే మాడాక్‌కి ఒళ్లు మండించేది.

అందుకని రొట్టె, నీళ్లు. అందుకని కవాతు. వీపున మూట, మూటలో రాళ్లు. నడవనంటే నడిపించడానికి తాడు. నాకు దొరికిన పని తేలికదే, నిలబడి చేసేదే.

నువ్వు రాసింది మావాళ్లకి భలే నచ్చింది.

వాళ్లకి ఫ్రాన్సులో వసంతం, మనకిక్కడ చలి మొదలైంది. ఆ బూడిదరంగు స్వెటర్ పంపించు. చెయ్యి కాస్త నొప్పిగా ఉంది, అందుకే అక్షరాలు ఇలా ఉన్నాయి.

క్లెమ్

*

రాటా బెండ్,
ఏప్రిల్ 7

క్లెమ్‌కి,

స్వెటర్ పంపాను. అందులో చుట్టి ఇంకో చిన్న పొట్లం ఉంది. అది నీది కాదు. మేజోళ్లు, అల్లం కేకు, ఒక ఉత్తరం. క్లెమ్‌కి తెలిసినవాళ్ల ద్వారా ఎనాక్‌కి చేరుతుందేమో అని చీటీ రాసి, పిన్ని మన గేటు మీద పెట్టి వెళ్లింది. నన్ను పిలవలేదు. తీసి చెత్తలో పారేద్దామనుకుని, మళ్లీ లోపలికి తెచ్చాను. అయిదు వారాలుగా ఎనాక్ నుంచి ఉత్తరం లేదట. వాడు వారం తప్పకుండా రాసేవాడని పోస్టాఫీసు మార్తా చెప్పింది.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. "ముట్టింది" అంటే ఏంటి? చెప్పమన్నది చెప్పావా, ఇంకేమైనా చేశావా? కోపంలో రాశాను క్లెమ్. వాల్టర్ పార్సెల్ ఎదురుగా పెట్టుకుని రాశాను. నీకది తెలియాలి.

నీకు చెయ్యి నొప్పెందుకు? నీ దెబ్బ కాలికి కదా.

వాడు తింటున్నాడా?

హెస్టర్

*

స్టోనీ పాయింట్,
ఏప్రిల్ 15

అక్కకి,

స్వెటర్ అందింది. ఇలాంటివన్నీ ఉత్తరాల్లో అడక్కు. బ్యారక్స్ సంగతులు బయటికి రాయకూడదని మొన్న ఆర్డరు వచ్చింది.

పొట్లం ఆఫీసులో ఇచ్చాను. యూనిఫాం వేసుకోనివాడికి పొట్లాలు, ఉత్తరాలు ఉండవు. రాయడానికి కాగితం కూడా ఉండదు. అందుకే రాయలేదు. అంతకన్నా ఏం లేదు.

ఎనాక్ బాగానే ఉన్నాడు. శుక్రవారం మెట్ల మీద జారి పడ్డాడు, మొహానికి కాస్త దెబ్బ తగిలింది. డాక్టరు చూశాడు. పిన్ని అడిగితే బాగున్నాడని చెప్పు.

ఆవులు ఎలా ఉన్నాయి? ఎర్రావు ఈనిందా?

క్లెమ్

*

రాటా బెండ్,
ఏప్రిల్ 22

క్లెమ్,

నీ మొదటి ఉత్తరం నా ముందుంది. "ఊరంత ఆవరణలో వెతికినా ఒక్క మెట్టు కనబడదు" అని నువ్వే రాశావు.

అది చదివి, ఇది చదివి, పిన్ని ఇంటికి వెళ్లాను. అక్టోబరులో వాల్టర్ పోయిన తర్వాత వాళ్ల గుమ్మం తొక్కడం ఇదే. ముందు కిటికీకి అద్దం లేదు, గోనెసంచి వేలాడుతోంది. తలుపు మీద పసుపురంగుతో ఎవరో పిరికిపంద అని రాశారు. కడిగినట్టుంది, పోలేదు.

"రా, టీ పెడతాను" అంది. ఎందుకొచ్చావని అడగలేదు. నేనే ఆగలేక "క్లెమ్ అక్కడే ఉన్నాడు పిన్నీ, ఎనాక్ దగ్గరే" అన్నాను.

ఆవిడ రెండు చేతులూ జోడించింది. "దేవుడు చల్లగా చూశాడు హెస్టర్! మనవాడు ఒకడు పక్కనున్నాడు. నా చేతి ముద్ద తిన్న పిల్లాడు. ఇంక నాకు భయం లేదు."

నేను కప్పులోకి చూస్తూ కూర్చున్నాను. ఆవిడ మూడు చెంచాల చక్కెర వేసింది. యుద్ధం వచ్చాక వాళ్లింట్లో చక్కెర చూడటం అదే మొదటిసారి.

ఇప్పుడు చెప్పు. ఏం జరిగింది? ఆర్డర్ల సంగతి నాకు అనవసరం. నిన్ను ఎత్తుకుని పెంచిన అక్కని అడుగుతున్నాను.

హెస్టర్

*

స్టోనీ పాయింట్,
మే 2

అక్కా,

ఇది ఊళ్లోకెళ్లి పోస్టు చేస్తున్నాను. చదివాక పొయ్యిలో పెట్టెయ్. తప్పకుండా.

గుర్రప్పిల్లని మచ్చిక చేసేటప్పుడు ఒకడు మధ్యలో తాడు పట్టుకుని నిలబడితే అది చుట్టూ తిరుగుతుంది కదా, అదే ఇక్కడ చేసేది. చంకల కింద నుంచి తాడు కడతారు. వెనక ఇద్దరు గుద్దుతూ తోలతారు. నా కాలు పరుగెత్తలేదు కదా, అందుకని మధ్యలో నిలబడే పని నాకిచ్చాడు మాడాక్. నేనే తాడు పట్టుకునేవాణ్ణి. అదే నా తేలిక పని. అందుకే చెయ్యి నొప్పి.

పడిపోతే కంకర మీద ఈడుస్తారు. మళ్లీ నిలబెడతారు. ఆవరణలో ఒక మూల వంటషెడ్డు గోడ అడ్డం వస్తుంది. అక్కడికి వచ్చినప్పుడు మాడాక్ "లాగు" అంటాడు. లాగితే మనిషి వెళ్లి గోడకి కొట్టుకుంటాడు. మొదటిరోజు ఇది సరదా. నిజం చెప్తున్నాను, నవ్వాను.

ఏప్రిల్ 12న, పొద్దున్న పది గంటలకి, పదిహేడో చుట్టు. మాడాక్ "లాగు" అన్నాడు. లాగాను. ఈసారి చేతులు అడ్డం పెట్టుకోలేదు వాడు. ఓపిక లేక. దవడ విరిగిన చప్పుడు నేను నిలబడ్డ చోటికి వినిపించింది. ఎడమ చెవిలోంచి నెత్తురు. ఇప్పుడు ఆ వైపు నుంచి పిలిస్తే పలకడు. నోరు తెరవలేడు, పన్ను ఊడిన సందులోంచి గంజి పోస్తున్నారు. నేనే పోస్తున్నాను, ఎవరూ చూడనప్పుడు. డాక్టరు వచ్చాడు. "మెట్ల మీద పడ్డాడు" అని మాడాక్ అంటే, బయటికి చూసి, కాగితం మీద అదే రాసి వెళ్లాడు.

లాగకపోతే ఏమయ్యేదో తెలీదు. ఇంతవరకూ ఎవడూ లాగకుండా ఉండి చూడలేదు.

ఇంకొకటి ఉంది. నీ ఉత్తరం. ఆవరణలో అందరి ముందూ చదివాను అక్కా. "మా అక్క పంపింది రా, విను" అని. "నా వంతు కూడా నువ్వే వెయ్యి" దగ్గర అందరూ చప్పట్లు కొట్టారు. వాడు అప్పటిదాకా నేలకేసి చూస్తున్నాడు. తలెత్తి "హెస్టర్ అక్కే రాసిందా?" అన్నాడు. అవునన్నాను. "పాపం, వాల్టర్ వస్తువులు వచ్చుంటాయి" అన్నాడు.

నువ్వడిగావు కాబట్టి రాశాను. తగలబెట్టు.

క్లెమ్

*

రాటా బెండ్,
మే 10

క్లెమ్‌కి,

తగలబెట్టలేదు.

పొయ్యి దాకా తీసుకెళ్లాను. మూత కూడా తీశాను. అప్పుడు పిన్ని ఆ రోజు చేతులు జోడించింది గుర్తొచ్చింది.

నీకు ముందే చెప్తున్నాను, చాటుగా చెయ్యను. పిన్ని, వాళ్ల చాపెల్‌లో ప్రార్థనలు చేయించే పెద్దాయన మార్చి నుంచీ ప్రభుత్వానికి అర్జీలు పెడుతూనే ఉన్నారు. ఇప్పుడు ఒక మేజిస్ట్రేటుని విచారణకి వేశారు. జూన్ మూడో తేదీన మీ బ్యారక్స్‌కే వస్తాడు. "సాక్ష్యం ఏదమ్మా? మీ అబ్బాయి నోరు విప్పట్లేదట, అధికారులేమో మెట్లంటున్నారు" అని పిన్నిని అడిగారు. సాక్ష్యం నా టేబుల్ సొరుగులో ఉంది.

నీ ఉత్తరాలన్నీ ఆ మేజిస్ట్రేటుకి ఇచ్చేస్తున్నాను. నావి కూడా పంపించు, నువ్వు దాచుంటే. ముఖ్యంగా మార్చి 17ది. నువ్వు పంపకపోతే అందులో ఏం రాశానో నేనే నిలబడి చెప్తాను, ఒక్క మాట వదలకుండా. నీ చేత తాడు పట్టించింది మాడాక్ ఒక్కడే కాదు.

వాళ్లు నిన్ను అడిగేలోపే నువ్వు చెప్పు. నువ్వు చెప్తే అది వేరు, ఆ ఉత్తరాలు చెప్తే వేరు.

పిన్నికి అంతా చెప్పాను. మధ్యలో లేచి వెళ్లి కోళ్లకి గింజలు వేసి వచ్చింది. వచ్చి "ఇంకా ఉందా?" అంది.

హెస్టర్

*

స్టోనీ పాయింట్,
మే 17

అక్కా,

ఇవ్వకు. నీ కాళ్లు పట్టుకుంటాను.

ఇక్కడ అందరికీ తెలిసిపోయింది, విచారణ వస్తోందని. వంటషెడ్డు గోడకి సున్నం కొడుతున్నారు. కంకర తీసి కొత్తది పోశారు. ఖైదీలకి కొత్త దుప్పట్లు ఇచ్చి, తాకవద్దు, మడతపెట్టి ఉంచండి అన్నారు. ఆఫీసు వెనక షెడ్డుకి చెక్కతో మూడు మెట్లు కట్టారు అక్కా. నిన్న పొద్దున్న లేచేసరికి అక్కడున్నాయి. వాటిమీద బురద పూసి పాతవాటిలా చేశారు.

ఎనాక్‌ని మంగళవారం ఎక్కడికో తీసుకెళ్లారు. ఎక్కడికని అడిగితే మాడాక్ నా భుజం మీద చెయ్యేసి చాలా మెల్లిగా అన్నాడు: "నీకు అక్క ఉంది కదూ? ఒక్కతే ఉంటుందా పొలంలో?" అంతే. చెయ్యి తీసి వెళ్లిపోయాడు.

నీకు మిగిలింది నేనొక్కణ్ణే. అది ఆలోచించు.

క్లెమ్

*

రాటా బెండ్,
జూన్ 8

క్లెమ్‌కి,

నీకూ నాకూ మధ్య ఆరడుగుల దూరం కూడా లేదు ఆ విచారణ గదిలో. నువ్వు నావైపు చూడలేదు.

మేజిస్ట్రేటు నా మార్చి ఉత్తరం గురించి అడిగినప్పుడు నిలబడి మొత్తం చెప్పాను. అక్కడున్న పత్రికలవాళ్లు రాసుకున్నారు. మన ఊళ్లో అందరూ చదివారు. ఒకరిద్దరు "శభాష్, సరిగ్గా రాశావు హెస్టర్!" అని నడిబజార్లోనే నా చెయ్యి పట్టుకుని ఊపారు. ఫ్యాక్టరీలో పాలు పోయడానికి వెళ్తే ఇంకొందరు నా డబ్బాలు పక్కకి నెట్టారు. మొదటివాళ్లే నన్ను ఎక్కువ బాధపెట్టారు.

తర్వాత నిన్ను పిలిచారు. "ఈ ఉత్తరాలు నీవేనా?" "నావే సార్." "ఇందులో రాసింది నిజమా?" నువ్వు టోపీ తిప్పుతూ అన్నావు: "మా అక్కని ఆటపట్టించడానికి రాశాను సార్. యుద్ధం చూసొచ్చినవాళ్లకి కథలు చెప్పడం అలవాటు."

అప్పుడు ఎనాక్‌ని తెచ్చారు. ఇద్దరు పట్టుకుంటే నడిచాడు. నేను గుర్తుపట్టలేదు క్లెమ్. పిన్ని గుర్తుపట్టి ఒక్క అడుగు ముందుకి వేసి ఆగిపోయింది. "నిన్ను కొట్టినవాళ్లు ఈ గదిలో ఉంటే చూపించు" అన్నాడు మేజిస్ట్రేటు, రెండుసార్లు, గట్టిగా. వాడు వరసగా మీ అందరి మొహాలూ చూశాడు. నీ దగ్గర ఆగాడు. అది నేనొక్కదాన్నే కాదు, గదంతా చూసింది. తర్వాత విరిగిన దవడతో ముద్దముద్దగా "ఎవరినీ శిక్షించమని నేను అడగను. ఇంకెవరికీ ఇలా చెయ్యొద్దని చెప్పండి చాలు" అన్నాడు.

మాడాక్ నవ్వాడు. పేర్లు లేకపోతే కేసు లేదు కదా.

బయట వరండాలో వాణ్ణి కాసేపు కూర్చోబెట్టినప్పుడు దగ్గరికి వెళ్లాను. ఆ మాట రాసింది నేనే ఎనాక్, క్షమించు అన్నాను. వినబడని చెవి వైపు నిలబడ్డానని తర్వాత తెలిసింది. ఈ వైపుకొచ్చి మళ్లీ చెప్పాల్సి వచ్చింది. మొదటిసారి కన్నా రెండోసారి కష్టం. వాడు వినేసి, "క్లెమ్‌కి కాలు సలుపుతోందా ఇంకా?" అన్నాడు.

విచారణ ఇరవయ్యో తేదీకి వాయిదా వేశారు. అదీ ఆఖరు. నిన్నేమీ అడగను. వాడడిగింది నీకు చెప్పాలనిపించింది, చెప్పాను.

హెస్టర్

*

స్టోనీ పాయింట్, మూడో గది,
జూన్ 22

హెస్టర్ అక్కకి,

నిన్ను ఈసారి రానివ్వలేదని తెలిసింది, అందుకే నేనే రాస్తున్నాను.

ఇరవయ్యో తేదీ పొద్దున్న, మేజిస్ట్రేటు కాగితాలు కట్ట కడుతుంటే లేచి నిలబడ్డాను. "తాడు పట్టుకుంది నేను సార్" అన్నాను. కూర్చోమన్నాడు మా కమాండింగ్ ఆఫీసరు. కూర్చోలేదు. ఏ తేదీ, ఏ గంట, ఎన్ని చుట్లు, "లాగు" అన్నది ఎవరు, అంతా చెప్పాను. ఎక్కువసేపు పట్టలేదు. అంత చిన్నదా ఇది అనిపించింది. తర్వాత వాళ్లని వెనక షెడ్డు దగ్గరికి తీసుకెళ్లి మెట్లు చూపించాను. మేజిస్ట్రేటు చేతికర్రతో ఒక మెట్టు గీకాడు. బురద రాలి తెల్లటి కొత్త చెక్క బయటపడింది.

మాడాక్‌ని ఇక్కడి నుంచి తీసేశారు. ఎక్కడికి వేశారో ఎవరూ చెప్పట్లేదు. నువ్వు రాత్రి తలుపు గడియ పెట్టుకో, కొన్నాళ్లు పిన్నిని తెచ్చుకుని ఇంట్లో ఉంచుకో. ఎనాక్‌ని నిన్న ఆస్పత్రి బండి ఎక్కించారు. బతుకుతాడు, చెవి మాత్రం రాదన్నారు. మొహం కడుక్కోడానికి నన్ను బయటికి తెచ్చినప్పుడు బండి నా ముందు నుంచే వెళ్లింది. చెయ్యి ఎత్తాను. వాడు పడుకుని ఉన్నాడు, చూశాడో లేదో.

నేను అరెస్టులో ఉన్నాను. సాటిమనిషిని గాయపరిచినందుకు ఒక కేసు, బ్యారక్స్ సంగతులు బయటికి రాసినందుకు ఒక కేసు. రెండోదానికే శిక్ష ఎక్కువట. మావాళ్లెవరూ నాతో మాట్లాడటం లేదు. గంజి తెచ్చేవాడు గిన్నె నేలమీద పెట్టి కాలితో లోపలికి తోస్తాడు. మొన్నటిదాకా నా పక్క మంచం వాడిదే.

ఇవాళ మధ్యాహ్నం రైల్లో మరో పదకొండు మంది దిగారు. ఈ కిటికీ ఎత్తులో ఉంది, ఆవరణ కనబడదు, వినబడుతుంది. కొత్త సార్జంట్ వాళ్లని వరసలో నిలబెట్టి యూనిఫాంలు పంచాడు. గొంతు మర్యాదగానే ఉంది. పేరు పిలవడం, "ఎస్ సార్" అనడం. పేరు పిలవడం, "ఎస్ సార్" అనడం. ఏడో పేరు దగ్గర, పద్దెనిమిది పంతొమ్మిదేళ్ల గొంతు, "వేసుకోను సార్" అంది.

పేర్లు పిలవడం ఆగిపోయింది. కంకర మీద బూట్లు మెల్లిగా ఆ గొంతు చుట్టూ చేరుతున్నాయి. ఆ చప్పుడు నాకు తెలుసు అక్కా, నేనూ అలాగే నడిచాను. బల్ల లాక్కుని, దానిమీదికి ఎక్కి, కిటికీ చువ్వలు పట్టుకుని గొంతు చించుకుని అరిచాను:

"నేను వింటున్నాను! ఇక్కడ ఒకడు వింటున్నాడు!"

బూట్లు ఆగాయి.

ఇంకా బల్ల మీదే ఉన్నాను. ఈ ఉత్తరం చువ్వలకి ఆనించి రాస్తున్నాను.

క్లెమ్